నట్టనడుమ

"తొంభై దాటితే తల ఊపుతోంది," అన్నాడు క్లైవ్ హాడ్రెల్
హెల్మెట్ తీయకుండానే.
"వద్దు వద్దన్నట్టా?"
"కాదు. ఏదో వెతుక్కుంటున్నట్టు."

బండి జబ్బు ఇంత సరిగ్గా చెప్పిన మనిషి
పోర్ట్ అగస్టాలో నాకింతవరకూ తగల్లేదు.
మిగతావాళ్ళంతా "అదోలా ఉంది" అని
తాళాలు బల్ల మీదకి విసిరేసి పోయే రకం.

పొద్దున్నే, రేకుల షెడ్డు కాలకముందే,
చల్లటి టైర్లలో గాలి చూశాను. సరిపోయింది.
వెనక టైరు మాత్రం నడినెత్తిన అరిగి బల్లపరుపైంది.
ముప్పై ఏళ్ళు నీళ్ళ పైపు పక్కనే
తిన్నగా పోయి తిన్నగా వచ్చిన ఉద్యోగం ఆయనది;
తనకి పక్కలెందుకున్నాయో ఆ టైరుకే తెలీదు.
కొత్తది వేశాను. అయినా వెతుకుతూనే ఉంది.

మేస్త్రీ గోడకి కట్టినట్టు దారం కట్టాను
వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా.
రెండూ ఒక్క మాట మీదే ఉన్నాయి.
స్వింగార్మ్ పట్టుకుని గుంజాను,
పాలపన్ను ఊగుతుందేమో చూసినట్టు. ఊగలేదు.
పక్క పెట్టెలు విప్పాను:
కుడి దాంట్లో రెంచీలు, థర్మాసు, ఒక తడి బనీను,
ఎడమ దాంట్లో ఏమీ లేదు.
అదీ కాదు.

ఆయన స్టూలు మీద కూచుని
రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.
చలికేమో అనుకున్నాను.
మార్చి నెల, ముప్పై ఎనిమిది డిగ్రీలు.

మూడోరోజు ముందు చక్రాన్ని గాల్లోకి లేపి
హ్యాండిల్ని రెండు వేళ్ళతో
నిద్రపోయే పిల్ల దుప్పటి సర్దినంత మెల్లిగా తిప్పాను.
ఎడమకి నూనెలా జారింది. కుడికీ అంతే.
నట్టనడుమ మాత్రం
టక్కు.
అన్నంలో రాయి.

విప్పితే, బేరింగు గోళీలు కూర్చునే పళ్ళెంలో
ఆవగింజ ఒత్తినంత గుంటలు, వరసగా,
అన్నీ తిన్నగా పోయే చోటే.
వంకర దారుల బండికి ఇలా అవదు.
తిన్నగా పోయీ పోయీ
ఆ తిన్నదనమే గుంటపడింది.
ఇక అందులో కుదురుగా కూర్చోలేదు, బయట నిలవలేదు,
కాస్త ఇటు, కాస్త అటు,
తన ఇల్లేదో మరిచిపోయి వీధి మలుపులో ఆగిన మనిషిలా.

పళ్ళెం ఆయన అరచేతిలో పెట్టాను.
"ఇదిగో, దొరికింది. తప్పు బండిదే."
"బండిదే" అని ఎందుకన్నానో.
ఇంకెవరిదని ఎవరూ అడగలేదు కదా.
ఆయన నవ్వాడు, ఏడాదిగా ఎవరో బిగిస్తూ వచ్చిన నట్టు
ఒక్క చుట్టు వదులైనట్టు.
"నేనే అనుకున్నాను," అన్నాడు. "మా వెరాకి కూడా చెప్పలేదు."
చేతిలో ఆ ఇనప పళ్ళెం
పెళ్ళి ఉంగరానికి తగిలి
సన్నగా మోగుతూనే ఉంది.
ఇద్దరం విన్నాం.

కొత్త బేరింగు, కొత్త గ్రీజు.
నట్టు ఎక్కువ బిగిస్తే బండి మొండికేస్తుంది,
తక్కువైతే బ్రేకు వేసినప్పుడల్లా పళ్ళు కొరుకుతుంది.
చాలని వేళ్ళు చెప్పేవరకూ బిగించి
ఊపిరంత వదిలాను.
సాయంత్రం వయాలా రోడ్డు మీద నేనే తోలి చూశాను.
తొంభై, నూరు, నూటపది.
పట్టుకున్నానా లేదా అన్నట్టు పట్టుకున్నాను.
గీత గీసినట్టు పోయింది.

బిల్లు మీద సంతకానికి ఆయన పెన్ను తీసుకుంటే
గ్రీజు తుడుచుకోవడానికి అటు తిరిగాను,
చేతులకి గ్రీజు లేకపోయినా.
నాలుగేళ్ళ కిందటి ఆయన జాబ్‌కార్డు అరలోనే ఉంది.
రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు,
మధ్యన దారం కట్టి.
పెట్టలేదు.
డాక్టరు అనే మాట గొంతు దాకా వచ్చి
"ఐదొందల కిలోమీటర్లయ్యాక నట్టు ఒకసారి చూపించండి"
అయి బయటపడింది.

వెళ్ళాడు.
షట్టరు సగం దించి, రైలు గేటు దాటేదాకా విన్నాను.
గేరు మారింది. మళ్ళీ మారింది.
శబ్దం సన్నబడింది.
తిన్నగా పోతోందో లేదో
శబ్దాన్ని బట్టి చెప్పలేం.